మంచము, బల్ల, పీట, దీపము
వాక్యభాగము: 2 రాజులు 4:8–13



సూనేములో ఒక ఘనురాలు ఉండేది. ఆ దారిన వెళ్లే ఎలీషాను బలవంతపెట్టి భోజనానికి పిలిచింది. అది మొదలు ఆయన అటు వచ్చినప్పుడెల్లా ఆ ఇంటనే భోజనం చేసేవాడు. కొన్నాళ్లకు ఆమె భర్తతో చెప్పి, గోడమీద చిన్న గది కట్టించి, అందులో మంచము, బల్ల, పీట, దీపము పెట్టించాలని తలంచింది. ఈ నాలుగూ వింటుంటే మన పిల్లల హాస్టల్ గది గుర్తుకు రావడం లేదా? మంచం, బల్ల, కుర్చీ, ట్యూబులైటు!

మరి ఎలీషాకు ఇల్లైనది మన పిల్లవాడికి మూడేళ్లైనా ఎందుకు కాలేదు? ఆమె చేసిన వరుస చూడండి. ముందు అన్నం, తరువాత గది. జ్వరంతో మూడు రోజులు పడుకున్నా అడిగే దిక్కులేని చోట పిల్లవాడికి చదువు మానేసి ఊరికి పోదామనిపించడంలో వింతేముంది?

లాలాగూడవారికి ఇది దూరపు మాట కాదు. తార్నాక దాటితే ఉస్మానియా. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి ఆదిలాబాదు నుండి, నల్లగొండ నుండి, పాలమూరు నుండి పిల్లలు వస్తూనే ఉన్నారు. హాస్టల్లో సీటు దొరకనివారు స్నేహితుని గదిలో చాప వేసుకుంటారు. నాన్ బోర్డర్లని వారికి పేరు. వారికి మంచమే లేదు. రాత్రి చదువుకుందామంటే లైటు వేయడానికీ పక్కవారి నిద్ర చూడాలి.

విద్యార్థులారా, మీతోనూ ఒక మాట. బబులోనుకు చెరపట్టబడిన వారికి యిర్మీయా ఉత్తరం రాస్తూ, అక్కడే ఇళ్లు కట్టుకొని తోటలు వేసుకొమ్మన్నాడు. ఎప్పటికైనా తిరిగి వెళ్లేదే కదా అని మూట విప్పకుండా కూర్చోవద్దని దాని భావం. సూట్‌కేసులో బట్టలు బయటికి తీయండి. అమ్మ పంపిన ఆవకాయ సీసా మంచం కింద దాచకండి, రూమ్మేట్లకు వడ్డించండి. నాలుగు రోజుల్లో అయిపోతుంది, పోనివ్వండి.

ఇక పెద్దలారా! రాజుతో నీకేమైనా పని ఉందా అని ఎలీషా అడిగిస్తే, నేను నావారి మధ్యనే ఉన్నాను, అక్కరలేదన్నది ఆ తల్లి. మనమూ మనవారి మధ్యనే ఉన్నాం. కాని 1893లో ఇక్కడ నిజాం రైల్వే వర్క్‌షాపు వెలసిన తరువాత, మనలో అనేకుల తాతలు పని వెతుక్కుంటూ వచ్చి ఈ క్వార్టర్లలో దిగినవారే. వారికీ ఎవరో మొదటి పూట అన్నం పెట్టి ఉంటారు.

ఈ ఆదివారం వెనుక బెంచీలో కూర్చొని, ఆశీర్వాదం కాగానే ఎవరినీ పలకరించకుండా వెళ్లిపోయే పిల్లను గాని పిల్లవాణ్ణి గాని ఆపండి. పేరడగండి, ఊరడగండి. ఉద్యోగం ఎప్పుడని మాత్రం అడగకండి, అది ఇంటినుండి ఫోనులో ఎలాగూ వస్తుంది. ఆదివారం రాత్రి మెస్ ఉండని హాస్టళ్లున్నాయి. ఆ పూటకు భోజనానికి పిలవండి. పరీక్షలున్నాయి, రాలేమంటే స్టీలు టిఫిన్ డబ్బాలో అన్నం, కూర పెట్టి పంపండి. డబ్బా తిరిగివ్వడానికైనా మీ గుమ్మం ఎక్కుతారు.