పాలపళ్ళు వచ్చే వేళ

(మహిళా విభాగం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుకమీద ఉండగానే పసిపిల్లల చిగుళ్ళ సంగతి ఎత్తుకొన్నందుకు మన్నించండి. ఈ సభలోనే నలుగురైదుగురు తల్లుల ఒళ్ళలో చొంగ కారుస్తున్న బోసినోళ్ళు కనబడుతున్నవి. కనుక విషయం అప్రస్తుతం కాదని మా ధైర్యం.

సాధారణంగా ఆరోనెల ప్రాంతంలో కింది ముందుపళ్ళు రెండూ తొంగిచూస్తవి. కొందరికి నాలుగోనెలలోనే వస్తవి. కొందరికి ఏడాది నిండేవేళకుగాని రావు. మూడేళ్ళు వచ్చేసరికి 20 పాలపళ్ళూ పూర్తవుతవి. పైపళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని మనవైపు అంటారు. మేనమామలు నిర్భయంగా ఉండవచ్చును! పన్ను పొడుచుకు వచ్చే ఆ కొద్దిరోజులూ పిల్లవాడు చిరచిరలాడుతాడు, రాత్రిళ్ళు లేస్తాడు, చేతికందినదెల్లా కొరుకుతాడు. పళ్ళు చేసే అల్లరి అంతవరకే.

ఇక్కడ మా పొరపాటొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మాయింట ఎనిమిదో నెల పిల్లవాడికి విరేచనాలు పట్టుకొన్నవి. ఊరికి ఫోను చేస్తే పెద్దావిడ, "పళ్ళొస్తున్నాయి కదే, మామూలే, కంగారుపడకు" అన్నారు. మేమూ నమ్మి రెండురోజులు ఊరుకొన్నాము. మూడోనాటికి కళ్ళు గుంటలు పడ్డవి. ఏడిస్తే కన్నీరు రాలేదు. ఆసుపత్రిలో మూడురోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. పిల్లవాడు దక్కాడు. పెద్దావిడ తప్పేమున్నది? ఆమె పిల్లవాణ్ణి చూడలేదు. చూస్తూ ఊరుకొన్నది మేము.

తల్లి కడుపులో ఉండగా సంక్రమించిన రోగనిరోధకశక్తి ఆరోనెల నాటికి తగ్గిపోతూ ఉంటుంది. సరిగా అప్పుడే పిల్లవాడు నేలమీదివన్నీ నోట పెట్టుకోవడం నేర్చుకొంటాడు. రోగం అందువల్ల వస్తుంది. నింద పళ్ళమీద పడుతుంది. 100.4 డిగ్రీలు చేరిన జ్వరాన్నీ, నీళ్ళవిరేచనాలనూ, పాలు మానడాన్నీ పళ్ళ ఖాతాలో వేయక వైద్యునికి చూపించండి. విరేచనాలైతే తల్లిపాలు ఆపకుండా, ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై రాసినంత నీటిలో, కాచి చల్లార్చి, కలిపి కొద్దికొద్దిగా పట్టండి.

ఉత్త పళ్ళ సలుపే అయితే, సబ్బుతో కడుగుకొన్న వేలితో చిగుళ్ళను మెల్లగా నిమరండి. శుభ్రమైన మెత్తని గుడ్డను కాచిన నీటిలో తడిపి, ఫ్రిజ్జులో చల్లబరచి నమలనివ్వండి. గడ్డకట్టే అరలో మాత్రం పెట్టవద్దు. అంత చలువ చిగుళ్ళకు గాయం చేస్తుంది. గట్టి రబ్బరు రింగైనా మంచిదే. లోపల నీరున్న రకం కొరికితే పగలవచ్చు. చొంగ తుడుస్తూ ఉండకపోతే గడ్డం ఒరిసిపోతుంది. కారెట్టు ముక్క విరిగి గొంతున అడ్డుపడుతుంది. వసకొమ్ము దండ, పూసలపేరు తెగినా అంతే ప్రమాదం. ఏడాది నిండేదాకా తేనె నాకించరాదు.

ఇక మందులు. వెనుక బొంబాయి నూలుమిల్లుల్లో పనిచేసే తల్లులు పసివాళ్ళకు నల్లమందు బిళ్ళ వేసి పనికి పోయేవారని 1922 నాటి నివేదికలో ఉన్నది. ఆ మిల్లుల్లో మన తెలుగువారూ ఉండిరి. అప్పటి తల్లులకు గత్యంతరం లేదు. ఇంగ్లండులో పళ్ళపొడుల్లో పాదరసం కలిపి అమ్మేవారు. పిల్లలు జబ్బుపడగా 1954 ప్రాంతంలో ఆపివేశారు. ఇప్పటి చిగుళ్ళ జెల్లుల్లో బెంజోకైన్ ఉన్నదేమో చూడండి. అది రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించగలదని, రెండేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధశాఖ 2018లో హెచ్చరించింది. పొరుగింటివారు ప్రేమతో ఇచ్చే గుటీ అయినా, అందులో ఏమున్నదో తెలియనిదే పిల్లవాని నోట వేయకండి.

మరీ నిద్రపట్టక ఏడుస్తుంటే పారాసిటమాల్ ఒకటి ఉన్నది. దాని మోతాదు వయస్సునుబట్టి కాదు, తూకాన్నిబట్టి. వైద్యునివద్దకు వెళ్ళేముందు పిల్లవాని తూకం చీటీమీద రాసుకొని వెళ్ళండి.