విత్తనం తీశాకే వంట: మన పెంపకం, మన ఖర్చు, మన దేశం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా థింసా చూసి ఆనందించాం. భూమి గురించి, 1/70 చట్టం గురించి పెద్దలు చెప్పిన మాటలు విన్నాం. నన్ను మాత్రం డబ్బు గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఏజెన్సీలో బ్యాంకు ఉద్యోగం చేసి దిగిపోయినవాణ్ణి కదా, అందుకని. ఒక మాట ముందే చెబుతున్నాను. ‘ఈ కాలం కుర్రాళ్లు దుబారా చేస్తున్నారు’ అని మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. తిట్లు మీకు ఇంట్లో రోజూ దొరుకుతాయి. ఒక తరం ఎలా ఖర్చు పెడుతుందో ఆ తరం పెరిగిన తీరే చాలావరకు నిర్ణయిస్తుంది. అది తెలిస్తే మన అలవాటును మనమే మార్చుకోవచ్చు. ఇదే నేను చెప్పదలచుకున్నది.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా ఇంటి మూడు తరాల్లో మీ ఇళ్లు కూడా మీకు కనబడతాయి.

మా తాత రోజుల్లో ఇంట్లో డబ్బు ఉండేది కాదు, గాదె ఉండేది. చోళ్లు, సామలు, కొర్రలు కోతకొచ్చినా కొత్తల పండుగ చేసి ఊరి దేవతకు పెట్టేదాకా ఎవరూ కొత్త గింజ నోట్లో వేసుకునేవారు కాదు. ఆకలిగా ఉన్నా ఆగేవారు. తిండికి తియ్యకముందే విత్తనం వేరు చేసి, బూడిద కలిపి, అటక మీద పెట్టేది మా నాయనమ్మ. ఎంత కరువొచ్చినా ఆ కుండ జోలికి వెళ్లేది కాదు. వేటలో ఏది దొరికినా ఊరంతా పంచుకునేవారు. ఇదంతా పొదుపే. అయితే గింజల్లో చేసిన పొదుపు, మనుషుల్లో దాచిన పొదుపు. ఈ రోజు నీకు నేను పెడితే, రేపు నాకు నువ్వు పెడతావు.

మరి డబ్బుతో మావాళ్లకు ఏం పని? ఉప్పు, ఎండు చేపలు, కిరసనాయిలు, బట్ట. ఇవి సంతలోనే దొరికేవి. సంతలో సాహుకారు ఉండేవాడు. పసుపు ఇంకా భూమిలో ఉండగానే ఉప్పు, బట్ట అరువిచ్చి, పంట రాగానే తను చెప్పిన ధరకు తూచుకునేవాడు. కొలత అతనిదే, లెక్క అతనిదే, పుస్తకం అతనిదే. మా పెదతాత పెళ్లి ఖర్చుకని ఇరవై రూపాయలు తీసుకుని ఏళ్ల తరబడి గొత్తి చేశాడు. గొత్తి అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. అప్పు తీరేదాకా అప్పిచ్చినవాడి ఇంట్లో చాకిరీ చెయ్యాలి. చాకిరీ అంతా వడ్డీకే సరిపోయేది, అసలు అలాగే ఉండేది. దీన్ని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో ప్రత్యేకంగా రెగ్యులేషన్ తెచ్చింది. అంతకు ముందే 1917లో ఏజెన్సీ ప్రాంతాలకు ఒక చట్టం చేశారు. గిరిజనుడి దగ్గర ఏడాదికి నూటికి 24 రూపాయల కంటే ఎక్కువ వడ్డీ తియ్యకూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు అని అందులో ఉంది. ఈ 24 అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

అలా పెరిగిన తరానికి గింజ అంటే నమ్మకం, రూపాయి అంటే భయం. డబ్బు వస్తే దాన్ని వెంటనే మేకగానో, వెండి కడియంగానో మార్చేసేవారు. అది తెలివితక్కువతనం కాదు. వాళ్లు పెరిగిన లోకంలో అదే తెలివి.

తర్వాత మా తరం. ఆరేళ్లకు నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఆ బడి నన్ను మనిషిని చేసింది, ఆ రుణం తీరేది కాదు. పళ్లెం, గ్లాసు, దుప్పటి, సబ్బు, పుస్తకాలు అన్నీ సర్కారే ఇచ్చింది. గంట కొడితే అన్నం. కానీ పదో తరగతి అయ్యేదాకా నా చేతిలో ఐదు రూపాయలు నిలిచిన రోజు లేదు. గాదె ఎలా నింపుతారో ఇంట్లో చూసి నేర్చుకునే వయసులో ఇంట్లో లేను. డబ్బు ఎలా వాడాలో బడిలో ఎవరూ చెప్పలేదు. రెండు చదువులూ తప్పిపోయాయి.

1986లో బ్యాంకులో గుమస్తాగా చేరాను. మొదటి జీతం వచ్చింది. టేప్‌రికార్డరు కొన్నాను, టెరీకాటన్ బట్టలు కుట్టించాను, ఊరందరికీ భోజనాలు పెట్టాను. ఆరు నెలలకు వాయిదాల మీద మోటారు సైకిలు తీశాను. రెండేళ్లు తిరిగేసరికి మా అమ్మ వెండి కడియాలు తాకట్టులో ఉన్నాయి. పగలంతా ఇతరుల పొదుపు ఖాతాల్లో అంకెలు రాసేవాణ్ణి. నా ఖాతాలో ఏమీ ఉండేది కాదు! నాదే ఏదో బుద్ధిలోపం అనుకుని చాలాకాలం సిగ్గుపడ్డాను. తర్వాత చూస్తే నాతో హాస్టల్లో చదివి ఉద్యోగాలొచ్చిన మిత్రుల్లో చాలామందిది ఇదే కథ. చిన్నప్పుడు లేనిదాన్నంతా ఒక్క ఏడాదిలో పూడ్చుకోవాలనే తొందర అది.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1930ల్లో అమెరికాలో మహా మాంద్యం వచ్చింది. బ్యాంకులు మూతబడ్డాయి, నాన్నల ఉద్యోగాలు పోయాయి. ఆ రోజుల్లో పెరిగిన పిల్లలు తర్వాత బాగా సంపాదించినా దారపు ముక్క పారేయడానికి ఆలోచించేవారట. వాళ్ల పిల్లలు యుద్ధం ముగిశాక మంచి కాలంలో పెరిగారు. అప్పు చేసి కారు కొనడం వాళ్లకు మామూలు విషయం. జపాన్ చూడండి. యుద్ధంలో కాలి బూడిదైన ఊళ్లలో పెరిగినవాళ్లు ప్రతి నెలా పోస్టాఫీసులో దాచుకున్నారు. 1970ల్లో అక్కడి కుటుంబాలు ఆదాయంలో ఐదో వంతు దాకా మిగిల్చేవి. ఆ డబ్బే రోడ్లకు, ఫ్యాక్టరీలకు పెట్టుబడి అయింది.

మన దేశమూ అంతే. 1991కి ముందు పెరిగినవాళ్లకు స్కూటరు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్లు ఆగాలి. ఫోనుకూ అంతే. ఆగడం వాళ్లకు అలవాటైంది. 1991 సంస్కరణల తర్వాత పుట్టినవాళ్లకు సరుకే ఇంటికి వస్తుంది, అప్పు కూడా ఇంటికే వస్తుంది. ఆగాల్సిన పని లేదు.

‘మా జేబులో డబ్బు మేం ఖర్చు పెట్టుకుంటే దేశానికేమిటి?’ అని మీరు అడగవచ్చు. దేశ జీడీపీలో దాదాపు 60 శాతం ఇళ్లలో మనం పెట్టే ఖర్చే. మీరు సంతలో కొన్న చొక్కా ఎక్కడో ఒక కుట్టుపనివాడి కూలి. అందరూ ఒకేసారి కొనడం మానేస్తే అంగళ్లు మూతబడతాయి, కూలి పోతుంది. చివరకు పొదుపు చేద్దామనుకున్నవాడి దగ్గరా ఏమీ మిగలదు. ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ 1936లో తన పుస్తకంలో ఈ చిక్కు గురించి వివరంగా రాశాడు. జపాన్‌కు 1990ల తర్వాత అలాంటి అనుభవమే ఎదురైంది. కష్టకాలంలో దేశాన్ని నిలబెట్టిన అలవాటే, వ్యాపారం మందగించినప్పుడు దాన్ని ఇంకా మందగింపజేసింది.

అలాగని అంతా ఖర్చు చేసేస్తే? బ్యాంకు అప్పివ్వాలంటే ఎవరో ఒకరు దాచి ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశం తన ఆదాయంలో పదో వంతు మాత్రమే మిగిల్చేది. 2007-08 నాటికి అది మూడో వంతును దాటింది. కట్టిన రోడ్లు, వేసిన కరెంటు లైన్ల వెనుక ఆ డబ్బుంది. ఇప్పుడు కథ కొంచెం మారింది. కుటుంబాలు దాచుకున్న డబ్బులో అప్పులు తీసేయగా మిగిలేది 2022-23లో జీడీపీలో సుమారు 5 శాతానికి పడిపోయింది. దశాబ్దాల్లో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. కొంత డబ్బు ఇళ్ల మీదికి పోయింది, అది మంచిదే. కానీ ఫోన్లకు, పెళ్లిళ్లకు, తిరుగుళ్లకు తెచ్చిన అప్పులూ ఉన్నాయి. విత్తనం తీయకుండా వండుకు తినడం లాంటిది అది. ఒక ఇంట్లో జరిగితే ఆ ఇల్లు పస్తుంటుంది. కోట్ల ఇళ్లలో జరిగితే దేశం తన విత్తనాన్ని బయటి నుంచి అప్పు తెచ్చుకోవాలి.

ఇక మూడో తరం సంగతి. అంటే మీ సంగతి. మా అక్క కొడుకు విశాఖలో ఒక ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నాడు. మా అక్క అడ్డాకులు కుట్టి, చింతపండు కొట్టి చదివించింది. ‘నేను పడ్డ కష్టం నా కొడుకు పడకూడదు’ అనుకుంది. అడిగింది లేదనలేదు. ఇంట్లో ఎంత ఉందో, ఎంత లేదో వాడికి ఎన్నడూ చెప్పలేదు. ఒకరోజు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. ‘మావయ్యా, అమ్మకు చెప్పకు’ అని ఏడుపు. ఫోన్లో ఒక యాప్‌లో ఐదు వేలు అప్పు తీసుకున్నాడట. చేతికొచ్చింది మూడు వేల ఐదు వందలే. ఏడు రోజుల్లో ఐదు వేలు కట్టాలి. కట్టలేక ఇంకో యాప్‌లో తీశాడు, అది కట్టడానికి మూడోది. వాడి ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ మెసేజ్‌లు పంపుతామని బెదిరిస్తున్నారు.

అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. మూడు వేల ఐదు వందలకు వారం రోజులకు పదిహేను వందల వడ్డీ. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, 1917 చట్టంలో నూటికి 24 అని. ఆ లెక్కన ఇదే అప్పుకు వారానికి వడ్డీ ఎంతో తెలుసా? పదహారు రూపాయలు! వంద సంవత్సరాల కిందటి తెల్లదొరల చట్టం ఒప్పుకోని వడ్డీని, డిగ్రీ చదివిన మా మేనల్లుడు వేలితో ఒక్క నొక్కు నొక్కి ఒప్పుకున్నాడు. మా పెదతాతకు చదువు లేక వేలిముద్ర వేశాడు. వీడు చదువుండీ వేలిముద్రే వేశాడు. సాహుకారు గుర్రమెక్కి కొండకు వచ్చేవాడు. ఇప్పుడు జేబులోకే వచ్చేశాడు.

పోలీసులకు ఫిర్యాదు చేశాం, ఇంట్లో అందరం తలో కొంత వేసుకుని గండం గట్టెక్కించాం. కానీ వాళ్లమ్మకు చెప్పమన్నాను. చెప్పాడు. ఆమె తిట్టలేదు. ‘నీకు మన లెక్క చెప్పకపోవడం నా తప్పే’ అంది. ఆ మాట నన్ను ఈ సభ దాకా తీసుకొచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన పేదరికమంతా మన అలవాట్ల వల్లే అని ఎవరన్నా అంటే నమ్మకండి. పిప్పళ్లకు, పసుపుకు సరైన ధర రాకపోతే, కూలి సరిగా అందకపోతే, ఆస్పత్రి దూరమైతే ఏ పొదుపూ సరిపోదు. దానికోసం అడగాలి, పోరాడాలి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది కూడా సాహుకారు తూకం నుంచి మనవాళ్లను తప్పించడానికే. అయితే ఆ పోరాటం చేసేవాడు అప్పుల్లో మునిగి ఉండకూడదు. అప్పున్నవాడి నోరు లేవదు. ఈ సంగతి మా పెదతాతకు బాగా తెలుసు.

కాబట్టి మూడు తరాల నుంచి మంచిని మాత్రం ఏరుకుందాం.

నాయనమ్మ నుంచి విత్తనం కుండ తీసుకోండి. జీతమో, కూలో, కాఫీ గింజల డబ్బో చేతికి రాగానే ముందు కొంత పక్కన పెట్టండి. నెలాఖరున మిగిలింది దాస్తాననుకుంటే ఏమీ మిగలదు. వంద రూపాయలైనా చాలు, అలవాటు ముఖ్యం.

కొత్తల పండుగ నుంచి ఆగడం తీసుకోండి. ఫోనో బండో కావాలనిపిస్తే ఒక నెల ఆగండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి. వాయిదాల్లో కొంటే నెలకెంత అని కాదు, మొత్తం ఎంత అని అడగండి. చేతికెంత వస్తుంది, తిరిగి ఎంత కట్టాలి, ఎన్ని రోజుల్లో. ఈ మూడు అడిగితే సాహుకారు ఏ వేషంలో వచ్చినా దొరికిపోతాడు.

పంచుకోవడం వదలకండి. మన మహిళా సంఘాలు నడుస్తున్నది ఆ గుణం మీదే. అయితే పెళ్లికి, దినాలకు అప్పు చేసి పెట్టే భోజనం పంపకం కాదు. ఊరు ఒక్కొక్క ఇంటి నుంచి గింజ తెచ్చి పెళ్లి చేసే పాత పద్ధతిని మళ్లీ తెచ్చుకుంటే ఒక్క ఇల్లూ కూలదు.

ఖర్చు పెట్టేటప్పుడు రూపాయి ఎటు పోతోందో చూడండి. సంతలో పది రూపాయల ప్యాకెట్ కొంటే అందులో ఎక్కువ భాగం కొండ దిగిపోతుంది. పక్క ఊరి అక్క దగ్గర తేనో, రాగి పిండో, చీపురో కొంటే అది మళ్లీ మన సంతలోనే తిరుగుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ దూరదేశాలకు పోతోంది. మనలో ఎందరం మన కాఫీ తాగుతున్నాం?

చివరగా, రేపు మీరు తల్లిదండ్రులవుతారు. మీ పిల్లల్ని సంతకు తీసుకెళ్లండి. వాళ్ల చేతికి యాభై రూపాయలిచ్చి ఉప్పు కొనిపించండి, చిల్లర లెక్కపెట్టించండి. ఇంట్లో ఎంత ఉందో, ఏది ఎందుకు కుదరదో చెప్పండి. లేదని చెప్పడం ప్రేమ లేకపోవడం కాదు.

మా అమ్మ కడియాలు విడిపించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు అవి మా మేనల్లుడి భార్య చేతికి ఉన్నాయి. ‘వీటిని తాకట్టు పెట్టే రోజు రానివ్వను మావయ్యా’ అన్నాడు వాడు. మీలో ప్రతి ఒక్కరూ ఇంటికెళ్లి అమ్మతో కూర్చుని ఒక్క నెల ఇంటి లెక్క రాయండి. ఈ సభకు వచ్చినందుకు నాకు అంతకన్నా వేరే సంతోషం అక్కర్లేదు.

 జై ఆదివాసీ!