పులియు రసమునకు చల్లదనము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ముప్పదియేండ్లకుపైగా బాలురకు శబ్దమంజరి వల్లె వేయించిన మమ్ము, పులియుటనుగూర్చి ప్రసంగింపుడని కార్యవర్గమువారు కోరినపుడు మొదట సంకోచించితిమి. కాని మేమును తాటిచెట్ల నీడనే పెరిగినవారము. కిణ్వమను సంస్కృతశబ్దమును కౌటిల్యుని అర్థశాస్త్రమునందు చదువుటకు పూర్వమే, దాని నురుగును మా యింటి ముంతలలో చూచియుంటిమి.

1973వ సంవత్సరపు వేసవి మాకు జ్ఞప్తియందున్నది. మా తండ్రిగారు ప్రతిదినము ప్రొద్దు పొడువకమున్నే కల్లు దింపెడివారు. ఒకనాడు ఒంట్లో బాగులేక ఆలస్యముగా లేచి చెట్టెక్కిరి. నాటి కల్లు నోట పెట్టరానంత పులిసినది. కొనువారు లేకపోయిరి. మా తల్లి దానిని పారబోయుచు, "మన కల్లు ఎండ తాగిపోయిందిరా" అనెను. ఆ మాటలోని యర్థము మాకు చాలకాలమునకుగాని బోధపడలేదు.

మా మేనల్లుడొకడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ దేశమున 1978లో వచ్చిన సమాఖ్య చట్టమువలన గృహస్థులు తమ వాడుకకు బీరు చేసికొనవచ్చును. అతడు చేసిన మొదటి బీరు ఘాటెక్కి చెడినదట. "మామా, దినుసులన్నీ సరిగానే వేశాను. గది వేడి ఇరవై నాలుగు డిగ్రీలే" అని వాపోయెను. "గదిని చూచితివి సరే, పాత్రను చూచితివా?" అని మేమడిగితిమి. కిణ్వము చక్కెరను భక్షించునపుడు తానే వేడిని పుట్టించును. అందుచేత లోపలి రసము గదికంటె కొన్ని డిగ్రీలు వేడిగా నుండును. ఇది పాత్రకు వచ్చు జ్వరము. మొదటి రెండు మూడు దినములయందే యది తీవ్రము.

ఏల్ అను జాతి బీరునకు సామాన్యముగా 18 మొదలు 22 డిగ్రీలును, లాగర్ జాతికి 8 మొదలు 13 డిగ్రీలును తగును. అంతకు మించినచో పని త్వరితమగునుగాని, గొంతు మండించు ద్రవ్యములు పుట్టును. మిక్కిలి చల్లనైనచో కిణ్వము నిద్రించును. మా మేనల్లుడు పిమ్మట పాత్రను నీటితొట్టిలో నుంచి, తడిగుడ్డ చుట్టి, మంచుసీసాలు మార్చుచు రక్షించెను. రెండవమారు రుచి కుదిరెను. మంచినీళ్లకుండకు తడిగుడ్డ చుట్టు నెల్లూరివారికిది క్రొత్త యుపాయమా?

బవేరియా దేశపు ప్రభువు 1553లో వేసవియందు బీరు కాచుటనే నిషేధించెను. లిండే పండితుని శీతలయంత్రములు 1870 దశకమున వచ్చిన పిదపగాని అచ్చటివారికి ఋతుబంధము తొలగలేదు. మన వైద్యులు ఆసవారిష్టముల భాండములను ధాన్యరాశిలో పూడ్చుటవలనను, వెలుపలి వేడియొక్క హెచ్చుతగ్గులు రసమునకు సోకకుండెను.

మన సముద్రతీరమున వేసవి యెండ నలువది డిగ్రీలు దాటుచుండును. మన పెద్దలకు మంచు లేదు, యంత్రము లేదు. వారు వేడిని ఆపజాలక కాలమును పట్టుకొనిరి. తెల్లవారకమున్నే దింపుట, ముంతను కడిగి నిప్పుసెగను చూపుట, బెల్లమునకు కావలసిన తీపిరసమునకు సున్నము పూయుట, ఇవియే వారి శాస్త్రము. తాటిరసమున నూటికి పది పండ్రెండు పాళ్లు చక్కెర యుండును. కొన్ని గంటలలో నది కల్లగును. ఆపై నిలువయుంచిన పులుపెక్కును.

సోదరులారా! నేడు మన బిడ్డలు చెట్టును విడుచుచున్నారు. పులిసిన సరకును అమ్ముకొనలేక, కొందరు కొన్నిచోట్ల మత్తుమందు కలిపి ప్రాణముల మీదికి తెచ్చుచున్నారు. ఇది పెద్దల శ్రమకు ద్రోహము. కాసరగోడునందలి కేంద్ర తోటపంటల పరిశోధనాలయమువారు, కొబ్బరిరసము చెట్టుమీదనే మంచు నడుమ చేరునట్లు ఒక పెట్టెను కల్పించిరి. తాటినీరాకును ఆ మార్గమును పరీక్షింపవలెను. ఇంట బీరు కాయుడని మేము చెప్పుటలేదు. అనుమతి లేక అట్లు చేయుట మన రాష్ట్రమున నేరము. తగిన యనుమతులు పొంది, ప్రతిగ్రామసంఘమును ఒక మంచుపెట్టెను, ఒక ఉష్ణమాపకమును సంపాదింపవలెనని మాత్రమే మా మనవి.

మా తల్లి నాడు పారబోసినది ఒక దినపు కూలి. ఎండ త్రాగిన రసమును మరల తేజాలము. ఎండ సోకకముందే దానిని కాచుకొందము.