మూడు ఊళ్లు - ఒక పేరు



ఈ రజతోత్సవ సభలో దూరదేశపు ఊరినొకదానిని గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరిరి. లెక్కలు వ్రాసికొనువాడనగుటచే ఎల్లల విషయమునే యెన్నుకొంటిని.

ఆస్ట్రియా దేశమందలి టిరోల్ రాష్ట్రమున, ఇన్స్‌బ్రుక్ నగరమునకు దక్షిణముగ, ఆల్ప్స్ పర్వతముల నడుమ సిల్ నది లోయ కలదు. ఆ లోయవెంట పోవు బాట సుమారు 1,370 మీటర్ల యెత్తున బ్రెన్నర్ కనుమను దాటి ఇటలీలో ప్రవేశించును. రోమనుల కాలమందే ఈ బాటపై మాట్రేయుము అను మజిలీ యుండెను. అదియే నేటి మాట్రై. బండ్లు ఆగినచోట సత్రములు, సత్రములున్నచోట అంగళ్లు వెలయుట లోకసహజము గదా! బాటకిరువైపుల ఇండ్లు బారులు తీరి అది సంతపట్టణమయ్యెను. 1867లో ఆ లోయగుండ రైలుమార్గమును వచ్చినది.

అయితే ఆ పట్టణమునకు వీధి కలదు గాని పొలము లేదు. దాని విస్తీర్ణము అర చదరపు కిలోమీటరైనను లేదు. చుట్టునున్న అడవులు, పచ్చికబయళ్లు, కొండవాలు పల్లెలు మ్యూల్‌బాఖ్ల్, ప్ఫోన్స్ అను రెండు పొరుగు పంచాయతీలవి. 1,600 మీటర్లకు పైనున్న మరియా వాల్డ్‌రాస్ట్ మఠము, పేరుగన్న యాత్రాస్థలము, మ్యూల్‌బాఖ్ల్ హద్దులోనిదే. పట్టణము పెరుగవలెనన్న పొరుగువారి యెల్ల దాటవలసినదే. బ్రతుకు ఒకటి, చిట్టాలు మూడు!

2022 జనవరి 1వ తేదీన ఈ మూడును ఏకమైనవి. టిరోల్‌లో పంచాయతీల సంఖ్య 279 నుండి 277కు తగ్గెను. ఆ ఫిబ్రవరి 27న జరిగిన స్థానిక యెన్నికలలో సుమారు 3,500 జనముగల ఈ కొత్త ఊరు తన తొలి సభను ఎన్నుకొనెను.

ఇచట ప్రశ్న యొకటి పుట్టుచున్నది. తరతరములుగ 'మాది ఫలానా ఊరు' అని చెప్పుకొన్న పేరు మాటుపడినచో ఏమి మిగులును? కొత్త సంస్థకు మాట్రై పేరే నిలిచినది. వ్యాకరణమున దీనిని ఏకశేషమందురు. సంస్కృతమున 'పితరౌ' అన్నచో తండ్రి పదమొక్కటే వినబడును. అర్థమున తల్లియు నుండును. పదము లోపించినంత మాత్రమున వ్యక్తి లోపింపదు. అయినను లోపించిన పదమువైపు వారికి మనసు చివుక్కుమనుట సహజము. దానిని తేలికగ చూడరాదు.

ఆ వ్యథకు కొంత ఊరట భూమి లెక్కలలో కలదు. ఆస్ట్రియా భూమాపన దస్త్రములలో మాట్రై, మ్యూల్‌బాఖ్ల్, ప్ఫోన్స్ అను మూడు పేర్లును వేర్వేరు రెవెన్యూ గ్రామములుగ నేటికిని నిలిచియున్నవి. పాలన యేకమైనను భూమి తన పేరును మరువలేదు!

సోదరులారా! ఖజానాలు కలుపుట యుక్తమే. రోడ్డును, నీటిని, బడిని ముగ్గురు వేర్వేరుగ మోయుటకంటె కలిసి మోయుట తేలిక. కాని ఊళ్లను కలుపువారు ధనమును కలుపుదురు గాక! పేళ్లను చెరుపకుందురు గాక!