ఒప్పని ప్రభుత్వమున ఉద్యోగధర్మము

(ఋషికొండ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘమున ప్రభుత్వోద్యోగులును, ఉద్యోగములకై పరీక్షలు వ్రాయువారును పెక్కండ్రు. వారిలో యువకులు కొంద రడుగుచున్న ప్రశ్న యిది: ఏ పాలనావిధానము మన మనస్సునకు సమ్మతము గాదో, దాని క్రింద జీతము పుచ్చుకొని పనిచేయుట కపటము గాదా? ఇది యెగతాళి చేసి త్రోసివేయదగిన ప్రశ్న గాదు. ముప్పది యేండ్లకు పైగా బడిలో సంస్కృతాంధ్రములు చెప్పినవాడను గనుక, నాకు దోచిన సమాధానమును విన్నవించెదను.

ఈ చిక్కు మన యితిహాసములకు క్రొత్తది గాదు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, మువ్వురును ధృతరాష్ట్రుని కొలువుననే యుండిరి. మువ్వురికిని దుర్యోధనుని నడత సమ్మతము గాదు. అయినను ద్రౌపదీపరాభవవేళ భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను, ద్రోణు డూరకుండెను, విదురుడు నిండుసభలో నిది యధర్మమని పలికెను. యుద్ధారంభమున భీష్మద్రోణులు తాము కౌరవుల యర్థమునకు కట్టువడితిమని ధర్మరాజుతో నొప్పుకొనిరి. విదురుడో, దుర్యోధనుని దూషణములు విని, వింటిని వాకిట నుంచి తీర్థయాత్రకు వెడలెనని భాగవతము చెప్పుచున్నది. కావున కొలువున నుండుట మాత్రమే దోషము గాదు. ఆ కొలువు మన నోటిని కట్టినదా, కాళ్లను కట్టినదా యనునదియే విచార్యము.

ఇక మన తీరమునకు వత్తము. ఈ ఋషికొండకు దక్షిణముగ నిదే సముద్రపుటొడ్డున, వాల్తేరు మెట్టపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసియున్నది. 1926లో బెజవాడలో స్థాపితమై, తరువాత నిచ్చటికి వచ్చినది. దాని మొదటి వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930లో ఉప్పు సత్యాగ్రహమును ప్రభుత్వ మణచివేయ జొచ్చినప్పుడు, ఆ దమననీతికి నిరసనగా వారు పదవికి రాజీనామా నిచ్చిరి. 1931లో ఆ పీఠము నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు 1936 వరకు పరిషత్తును పెంపొందించిరి. పిదప రెడ్డిగారే మరలివచ్చి 1949 వరకు నిర్వహించిరి. 1930లో నున్న ఆంగ్లప్రభుత్వమే 1936లోను గలదు. అట్లయిన విడుచుట తప్పా? మరలివచ్చుట తప్పా? నడుమ కూర్చుండినవారిది తప్పా?

నా మతమున మూడును తప్పులు గావు. రాజీనామా శపథము గాదు, సాక్ష్యము. పలికిన సాక్ష్యము నిలిచియే యుండును. పరిషత్తు దొరలది గాదు, తెలుగుబిడ్డలది. దానిని పాడుపెట్టిన నష్టము విద్యార్థులకే గాని పాలకులకు గాదు. అయితే 1942లో, వేలకొలది జనులు చెరసాలలకు బోయిన యా సంవత్సరముననే, రెడ్డిగారికి సర్ బిరుదము వచ్చినది. ఆ మహామనీషిపై గౌరవముతోనే యొక మాట చెప్పుచున్నాను. పరిషత్తును నడుపుటకు పదవి కావలెను, బిరుద మక్కరలేదు. పదవి పనికి సాధనము. బిరుద మిచ్చినవానికే యలంకారము. ఈ రెంటి నడిమి గీటును మనము మరువరాదు.

రెండవ నిదర్శనము. 1935 నాటి రాజ్యాంగచట్టమును నిరాకరించిన కాంగ్రెసే, దినదినపాలనలో గవర్నర్లు జోక్యము చేసికొనరని మాట పుచ్చుకొని, 1937 జూలైలో మద్రాసున మంత్రిపదవుల నంగీకరించినది. అది పరాయివాని బండికి కాడి మోయుటయే యని నిందించినవారు లేకపోలేదు. న్యాయవాదవృత్తిని త్యజించిన టంగుటూరి ప్రకాశంగారు రెవిన్యూమంత్రియై, జమీందారీ విచారణసంఘమునకు అధ్యక్షత వహించి, భూమిపై రైతు హక్కును నివేదికలో స్థాపించిరి. భారతీయుల నడుగకయే భారతదేశమును యుద్ధమున దింపగా, 1939 అక్టోబరులో ఆ మంత్రివర్గము తప్పుకొన్నది. జమీందారీ రద్దుచట్టము 1948లో వచ్చినది. వారు ప్రయోజనముతో లోనికి బోయిరి, హద్దు దాటగానే వెలికి వచ్చిరి. చేసినపని మాత్రము నిలిచినది.

నేటి ప్రభుత్వములు మన యోటుతో నేర్పడినవి. నచ్చనిచో మార్చుకొను మార్గము గలదు. అయినను ఉద్యోగి తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్నలు మూడు గలవు. నా చేతిపనివలన మేలు ప్రజలకా, పాలకులకు మాత్రమా? నా యాక్షేపణమును కాగితముపై వ్రాసి సంతకము చేయగలనా? అధర్మమును నీ చేతితోనే చేయుమన్ననాడు లేచిపోగలనా?

మూడవది మిక్కిలి కష్టము. ఏలనన, కాళ్లకు సంకెళ్లు ప్రభుత్వము వేయునవి కొన్నియే. మనమే వేసినవి పెక్కులు. అప్పుచేసి చేసిన పెండ్లి యొక సంకెల. కట్న మొక సంకెల. "మనవా డధికారి యైనాడు, మన పని చేయడా?" యని యింటికి వచ్చి కూర్చుండు బంధువు మరియొక సంకెల. విదురునకు విల్లు వాకిట నుంచుట సులభమైనది. వాయిదాలు కట్టవలసిన గృహస్థునకు సులభమా?

కావున ఈ మహాసభకు నా విన్నపములు రెండు. మన యధికారులను కులముపేర అనుచితమైన పని యడుగమని మనమే మొదట నియమము చేసికొందము. విద్యార్థులకు వేతనములిచ్చుచున్న మన నిధిలో కొంతభాగమును, అంతఃకరణమునకు వెఱచి యుద్యోగమును వీడిన సభ్యుని కుటుంబమునకు ఒక సంవత్సరము ఆధారముగ నుంచుదము. దానిని వాడుకొనువారు కొద్దిమందియే కావచ్చును. కాని యట్టి యాధారము గలదని యెఱిగినవాడు కొలువుననే యుండియు నిర్భయముగ సత్యము పలుకగలడు.