ఫోన్ ఎవరి చేతికిద్దాం?

(ఏలూరులో జరిగిన చేపల, రొయ్యల, వరి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మేత ధరల గురించి మాట్లాడదామని కాగితం రాసుకొచ్చాను. కానీ పొద్దున టీ దగ్గర నలుగురు నన్ను పట్టుకుని ఒకటే అడిగారు. "మా సంఘం పేరు మీద వాట్సాప్, ఫేస్‌బుక్ పెట్టాం, అది ఎవరు చూసుకోవాలి?" అని. చిన్న ప్రశ్నే. దీని మీదే మా ఊళ్లో ఏడు నెలలు మాటల్లేవు. అందుకని కాగితం జేబులో పెట్టేసి అదే చెబుతాను.

మాది 32 కుటుంబాల సంఘం. ఆదివారాలు శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో సర్ది ఏలూరు, గూడెం పంపిస్తాం. ఆడవాళ్లు రొయ్యల పచ్చడి, ఎండుచేపలు చేస్తారు. దళారీ లేకుండా తినేవాడికే అమ్ముదామని మొదలెట్టాం. అంటే మా కొట్టు ఫోన్‌లో ఉందన్నమాట. మరి కొట్లో ఎవర్ని కూర్చోబెట్టాలి?

మొదట బీటెక్ చదివే ఒక కుర్రాడికిచ్చాం. బాగా చేశాడండి, అబద్ధమెందుకు. తెల్లారగట్ల వల లాగే వీడియో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేశారు. ఏడాదికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. సిమ్ అతని పేరు మీదే ఉంది. ఆర్డర్లు అతనికి పోతుంటే మేం ఇక్కడ చేపలు పట్టి కూర్చున్నాం. కుర్రాడిదేం తప్పు? ఏడాదిపాటు ఒక్క రూపాయి ఇవ్వలేదు మేము. "ఫోన్ నొక్కడానికి కూడా జీతమా?" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత పట్నంలో ఒక ఏజెన్సీకి నెలవారీ డబ్బు కట్టి అప్పగించాం. రంగులు బాగా వేశారు. మేం అమ్మేది చెరువు బొచ్చె అయితే, బొమ్మలో సముద్రపు చందువా పెట్టారు. పక్క ఊరివాళ్లు "మీ చెరువులో చందువాలు ఎప్పటినుంచి పడుతున్నాయండీ?" అని నవ్వారు. నవ్వితే పోనీ. ఇంకో పోస్టులో "ఏ మందూ వాడని చేపలు" అని రాశారు. మా ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే ఒకమ్మాయి, వరసకు నాకు కోడలవుతుంది, పదో తరగతి చదివింది. అది చూసి నా దగ్గరకొచ్చి, "మావయ్యా, మొన్న పేనుకి మందు కొట్టించాం కదా, రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? అది తీయించెయ్యండి" అంది. ఆ మాట 32 ఇళ్లలో ఇంకెవరికీ తట్టలేదు, నాతో సహా.

2018 మీకు గుర్తుండే ఉంటుంది. చేపలకు ఫార్మలిన్ కలుపుతున్నారని ముందు కేరళలో గొడవైంది. ఆ జూలైలో అస్సాం ప్రభుత్వం మన చేపలు పది రోజులపాటు రానివ్వకుండా ఆపింది. కొల్లేరు లంకల్లో అందరి నోటా అదే మాట. మనం ఏం చేశాం? మనలో మనమే తెలుగులో ఫార్వర్డ్ చేసుకున్నాం. గువాహటిలో చేప కొనే ఇల్లాలికి మన తెలుగు మెసేజి చేరుతుందా? ఐసు ఎక్కడ వేస్తాం, లారీ ఎన్నాళ్లు నడుస్తుంది అని ఆమె భాషలో ఒక్కరు చెప్పలేదు. బెంగాల్, అస్సాం వైపు సరుకు పంపే సంఘాలు ఈ సంగతి చూసుకోవాలి. మా దగ్గర లారీ మీద హౌరా వెళ్లొచ్చే ఒకాయనకు బెంగాలీ వచ్చు. ఫోన్ ఆయన చేతిలో లేకపోయినా, అవసరమైతే మాట ఆయన చేత చెప్పించుకుంటున్నాం.

మళ్లీ మనిషి కావాల్సి వచ్చింది. ముగ్గురు వచ్చారు. ప్రెసిడెంటు గారి అల్లుడు, ఫొటోలు తీసే ఇంకో కుర్రాడు, మా కోడలు. "ఆడమనిషికి రాత్రీ పగలూ ఫోన్లేంటి" అని కొందరు లేచారు. అరుపులు ఎందుకని నేనొక పరీక్ష పెట్టాను. గూడెం నుంచి ఒకావిడ "మీ చేప వాసనొస్తోంది" అని రాసిన పాత మెసేజి ముగ్గురికీ ఇచ్చి, జవాబు రాయమన్నాను. అల్లుడు గారు "మా సరుకు మీద ఇలాంటి నిందలు వద్దు" అని రాశారు. కుర్రాడు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. మా కోడలు రాసింది: "అమ్మా, పెట్టె ఎన్నింటికి అందింది? తెరిచేసరికి ఐసు ఉందా? ఒక ఫొటో పంపండి. తప్పు మాదైతే డబ్బు ఎల్లుండికి వేస్తాం." చదివి వినిపించాక ఇక ఓటింగు అవసరం పడలేదు. ఫొటోలు మాత్రం ఆ కుర్రాడే తీస్తున్నాడు. అది అతని పని, బాగా చేస్తాడు.

ఇప్పుడు ఆమెకు నెలకు 3,000 ఇస్తున్నాం. రీచార్జి సంఘానిది. సిమ్ సంఘం పేరు మీద తీసుకున్నాం. ఇది మర్చిపోకండి, రీచార్జి చేయకుండా వదిలేస్తే కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. వాట్సాప్‌లో రెండో తాళంగా ఆరంకెల పిన్ పెట్టుకోవచ్చు. అది రాసి కవరులో పెట్టి కోశాధికారి బీరువాలో ఉంచాం. ఫేస్‌బుక్ పేజీకి ఇద్దరు అడ్మిన్లు. డబ్బు పడే స్కానర్ సంఘం బ్యాంకు ఖాతాదే. ఎంత నమ్మకస్తుడైనా ఎవరి సొంత ఖాతాకూ డబ్బు పడకూడదు. ఏజెన్సీలతో పని ఉంటే బొమ్మలు వేయించుకోండి, తాళాలు ఇవ్వకండి.

ధరల సంగతి ఒక్కటి చెప్పి దిగిపోతాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు, రొయ్య రైతుల గ్రూపుల్లో గంటకో ధర తిరిగింది. ఏ కౌంటుకో, ఏ రోజుదో, ఎవరు కొంటున్నారో ఉండదు. అది చూసి భయపడి మా పక్క చెరువాయన ఎదగని రొయ్యని పట్టేశాడు. ఇంకో మూడు వారాలు ఆగాల్సిన చెరువు అది. అందుకని తేదీ, కౌంటు, కొనేవాడి పేరు లేని ధర మా గ్రూపులో పెట్టకూడదని తీర్మానం రాసుకున్నాం. ఎవరు పెట్టినా మా కోడలు తీసేస్తుంది. ప్రెసిడెంటు గారిది కూడా రెండుసార్లు తీసింది. ఆయన వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు, మూడోసారి తేదీ వేసి పెట్టారు.

పార్టీ పోస్టుల మీద మాత్రం మాకింకా తేలలేదండి. ఎన్నికలొస్తే సంఘం పేజీ అందరికీ ముద్దొస్తుంది. మీ సంఘాల్లో దానికేం చేశారో, భోజనాల దగ్గర నాకు చెప్పండి.