మెమొరీ కార్డుకు అప్పగించదగినవి, అప్పగించరానివి

స్మార్ట్‌ఫోను తెరమీద చోటు నిండిందన్న హెచ్చరిక కనిపించగానే ఎక్కువమందికి తోచే మొదటి ఉపాయం మెమొరీ కార్డు. సెల్ దుకాణాల్లో దీన్ని చిప్ అంటారు. చిప్‌లో పాటలు ఎక్కించడం, చిప్ కరప్ట్ అవడం, ఫోను మార్చినప్పుడు చిప్ తీసి కొత్తదానిలో వేసుకోవడం తెలుగునాట ఏనాటినుంచో నిత్యవ్యవహారమే. అయితే కార్డు వేసిన తరువాత కూడా ఫోను అదే హెచ్చరికను మళ్లీ చూపడం, కార్డులో సగానికి పైగా ఖాళీ ఉండగానే కొత్త యాప్ ఎక్కనని మొరాయించడం కూడా అంతే సాధారణం. దీనికి కారణం కొంత కార్డులో ఉంది, కొంత ఫోనును నడిపే ఆండ్రాయిడ్‌లో ఉంది. ఆ రెండింటినీ విడివిడిగా పరిశీలిస్తే తప్ప కార్డుకు ఏ పని అప్పగించవచ్చో, ఏది అప్పగించరాదో తేలదు.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. ఫోను పెట్టెమీద 4 జీబీ, 64 జీబీ అని రెండు సంఖ్యలు ఉంటే, మొదటిది ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపే సమాచారాన్ని పట్టి ఉంచి ఫోను ఆపగానే ఖాళీ అయిపోయే తాత్కాలిక జ్ఞప్తి. రెండోది స్టోరేజ్, అంటే ఫోను ఆపినా చెరగని నిల్వ. కార్డు తోడయ్యేది రెండోదానికే. ఫోను నత్తనడక నడుస్తోందని కార్డు కొనేవారికి దానివల్ల ఒరిగేది దాదాపు శూన్యం; లోపలి చోటు అంచులదాకా నిండి మందగించిన ఫోనులో ఫోటోలను కార్డుకు తరలిస్తే కాస్త తెరిపి కలగవచ్చు, అంతకుమించి ఆశించరాదు.

కార్డులోనూ ఫోను లోపలి నిల్వలోనూ ఉండేది ఒకటే సరుకు. అది నాండ్ ఫ్లాష్, జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన జ్ఞప్తి పద్ధతి. ఇందులో కంటికి కనబడని గడులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గడిలో కొన్ని ఎలక్ట్రాన్లను బంధిస్తారు; అవి బయటికి జారిపోకుండా చుట్టూ విద్యుద్బంధకపు పొర కాపలా కాస్తుంది. గడిలో ఎంత ఆవేశం ఉందన్నదాన్ని బట్టి అందులో దాగిన బిట్లను, అంటే ఒకట్లను సున్నాలను, చదువుతారు. గడికి ఒక్క బిట్ చొప్పున దాచితే 2 స్థాయిలను గుర్తుపడితే చాలు. 3 బిట్లు దాచాలంటే 8 స్థాయిలను, 4 బిట్లు దాచాలంటే 16 స్థాయిలను వేరుచేసి చూడాలి. గడికి ఎక్కువ బిట్లు కుక్కేకొద్దీ కార్డు చవక అవుతుంది, కానీ స్థాయిల మధ్య ఎడం తగ్గి రాత నెమ్మదిస్తుంది, రాసి చెరిపిన ప్రతిసారీ బంధకపు పొర కొంత అరుగుతుంది కనుక ఆయుష్షూ తగ్గుతుంది. నేటి మార్కెట్లో తక్కువ ధరకు పెద్ద కార్డులు దొరకడం వెనుక ఉన్న బేరం ఇదే.

ఫ్లాష్‌కు ఇంకొక స్వభావం ఉంది. అందులో సమాచారాన్ని చిన్న చిన్న పేజీలుగా రాస్తారు, కానీ చెరిపేటప్పుడు ఎన్నో పేజీలు కలిసిన బ్లాకును మొత్తంగా చెరపాలి. ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి మళ్లీ రాయవలసి వచ్చినట్టన్నమాట. ఈ చాకిరీ వినియోగదారుడి కంట పడకుండా చేసేది కార్డులోనే ఉండే కంట్రోలర్ అనే చిన్న ప్రాసెసరు. ఏ బ్లాకు ఎంత అరిగిందో లెక్కచూసి రాతను అన్నింటికీ పంచడం, చెడిన బ్లాకును పక్కన పెట్టి దాని స్థానంలో అదనపు బ్లాకును వాడడం దాని విధులు. ఫోను లోపలి నిల్వకూ కంట్రోలర్ ఉంటుంది. అయితే యూఎఫ్‌ఎస్ అనే నేటి పద్ధతిలోని కంట్రోలర్ ఒకేసారి ఎన్నో ఆదేశాలను వరుసలో పెట్టుకొని తీర్చగలదు, సామాన్యమైన కార్డులోనిది ఒకదాని తరువాత ఒకటిగా నడుపుతుంది. సినిమా చూసేటప్పుడు ఈ తేడా తెలియదు. యాప్ నడిచేటప్పుడు, అంటే వందలాది చిన్న ఫైళ్లను తెరుస్తూ, దిద్దుతూ, మూస్తూ ఉండవలసినప్పుడు, స్పష్టంగా తెలుస్తుంది.

మత్సుషితా (నేటి పానసోనిక్), శాన్‌డిస్క్, తోషిబా సంస్థలు 1999లో ప్రకటించిన ఎస్‌డీ కార్డుకు ఫోనులో పట్టే చిన్న రూపమే మైక్రో ఎస్‌డీ. శాన్‌డిస్క్ ట్రాన్స్‌ఫ్లాష్ అనే పేరుతో తెచ్చిన దాన్ని 2005లో ఎస్‌డీ అసోసియేషన్ ఈ పేరుతో ప్రమాణంగా స్వీకరించింది. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1 మిల్లీమీటరు మాత్రమే ఉన్న ఆ నల్లని ముక్కమీద అచ్చువేసిన గుర్తులను చదవగలగడమే కొనుగోలులో సగం నేర్పు. సీ అక్షరం లోపల 10 అని ఉన్నా, యూ అక్షరం లోపల 1 అని ఉన్నా, వీ10 అని ఉన్నా అర్థం ఒక్కటే, సెకనుకు 10 మెగాబైట్లకు తగ్గకుండా ఎడతెగక రాయగలదని. యూ లోపల 3 గానీ వీ30 గానీ ఉంటే 30 మెగాబైట్లని. ఇవి కనీస హామీలు. అట్టమీద పెద్ద అక్షరాలతో కనిపించే 100 మెగాబైట్ల వంటి సంఖ్య చాలా సందర్భాల్లో చదివే వేగానికి గరిష్ఠం, దాని పక్కన 'వరకు' అనే మాట సన్నటి అక్షరాల్లో ఉంటుంది. యాప్‌లకు సంబంధించిన గుర్తు వేరు: ఏ1 అంటే సెకనుకు 1500 చిన్న చదువులు, 500 చిన్న రాతలు, ఏ2 అంటే 4000, 2000. ఏ2 పూర్తి ఫలితం ఇవ్వాలంటే ఆదేశాలను వరుసలో పెట్టే విద్య ఫోనుకూ తెలిసి ఉండాలి, లేకుంటే అదనంగా పెట్టిన డబ్బు వృథా. ఇదే పనిలో లోపలి యూఎఫ్‌ఎస్ నిల్వ సెకనుకు పదివేలను దాటుతుందన్నది గుర్తుంచుకుంటే, యాప్‌లను కార్డుమీద నడపాలన్న ఉత్సాహం దానంతటదే చల్లబడుతుంది.

పరిమాణం విషయంలో పెద్ద చిక్కేమీ లేదు. 64 జీబీ కార్డు ఫోనులో 59.6 అని కనబడితే అది మోసం కాదు. తయారీదారు జీబీని వందకోట్ల బైట్లుగా లెక్కిస్తాడు, కంప్యూటరు లెక్కలో అది 107 కోట్ల పైచిలుకు. అసలు జాగ్రత్త పడవలసింది ఫైల్ సిస్టమ్ దగ్గర, అంటే ఏ ఫైలు కార్డులో ఎక్కడ ఉందో రాసిపెట్టుకొనే పద్దు పద్ధతి దగ్గర. 2 జీబీ దాటి 32 జీబీ వరకు ఉన్న కార్డులు ఎస్‌డీహెచ్‌సీ తరగతివి, వాటి పద్దు ఫ్యాట్32. ఆపైన 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ, వాటి పద్దు ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీని మించడానికి వీల్లేదు. ఒక బుర్రకథ ప్రదర్శనను సెకనుకు 50 మెగాబిట్ల రేటుతో, అంటే సుమారు 6 మెగాబైట్లతో, 4కే వీడియోగా తీస్తున్నారనుకుంటే, పదకొండున్నర నిమిషాలకే ఆ హద్దు తగులుతుంది. కొన్ని ఫోన్లు అక్కడ కొత్త ఫైలు మొదలుపెడతాయి, కొన్ని రికార్డింగును ఆపేస్తాయి, కథకుడు మాత్రం ఆగడు. పెద్ద కార్డులో ఈ హద్దు బాధ లేకపోయినా గంటకు 22 జీబీకి పైగా ఖర్చవుతుంది కనుక, 64 జీబీ కార్డు ఖాళీగా ఉన్నా మూడు గంటలు నిండవు. రాత్రంతా సాగే తోలుబొమ్మలాటను తీయదలచినవారు 4కేను వదులుకోవడమో, పెద్ద కార్డు సమకూర్చుకోవడమో చేయక తప్పదు. దీని పక్కన అక్షరానిది ఎంత పొదుపో చూడాలి: యూనికోడ్ వాడుకలోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పట్టినా, వెయ్యి పేజీల గ్రంథం టైపు చేసిన రూపంలో కొన్ని మెగాబైట్లకు మించదు. అదే గ్రంథాన్ని పేజీ పేజీ ఫోటో తీసి దాచితే ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక ఆండ్రాయిడ్ సంగతి. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను టీ-మొబైల్ జీ1 లోపలి నిల్వ 256 మెగాబైట్లే కాబట్టి ఫోటోలకూ పాటలకూ కార్డే దిక్కు. 2010లో ఆండ్రాయిడ్ 2.2 యాప్‌లను కూడా కార్డుకు తరలించే వీలు కల్పించింది. ఆ రోజుల్లోని పద్ధతికి ఒక లోపం ఉంది: ఫ్యాట్ పద్దులో ఏ ఫైలు ఏ యాప్‌దన్న వివరం ఉండదు కనుక, అనుమతి దొరికిన ఏ యాప్ అయినా కార్డులోని అన్నింటినీ చదవగలదు, చెరపగలదు, తాను తొలగిపోయినా చెత్తను వదిలిపోగలదు. 2013లో ఆండ్రాయిడ్ 4.4 ఈ స్వేచ్ఛకు కళ్లెం వేసి, బయటి యాప్‌లు కార్డులో తమకు కేటాయించిన ఫోల్డరులో తప్ప వేరెక్కడా రాయకూడదంది; వాడేవారు గగ్గోలు పెట్టగా, మరుసటి ఏడు 5.0లో, వినియోగదారుడు తానే చూపించిన ఫోల్డరులో రాయడానికి అనుమతించింది. ఆ తరువాతి రూపాల్లో ఈ కట్టుబాటు ఇంకా బిగిసింది. భద్రత దృష్ట్యా ఈ నిర్ణయం సమంజసమే. కానీ కార్డు ఎవరి సొత్తన్న ప్రశ్నకు ఫోనూ దాని యజమానీ వేర్వేరు సమాధానాలు చెప్పడం అప్పుడే మొదలైంది.

2015లో ఆండ్రాయిడ్ 6.0 ఒక మధ్యేమార్గం చూపింది. దాని ప్రకారం కార్డును పోర్టబుల్‌గా, అంటే తీసి వేరేచోట వాడుకోదగినదిగా ఉంచవచ్చు, లేదా ఇంటర్నల్‌గా మార్చి ఫోనులో కలిపేయవచ్చు. రెండోదాన్ని ఎంచుకుంటే ఫోను ఆ కార్డును పూర్తిగా చెరిపి, వేరే పద్దు పద్ధతిలో కొత్తగా సిద్ధంచేసి, తన దగ్గర మాత్రమే ఉండే తాళంచెవితో గుప్తీకరిస్తుంది. చోటు అంకెల్లో ఘనంగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ కార్డును కంప్యూటరులో పెడితే ఖాళీ రేకుముక్కతో సమానం. ఫోను పగిలినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా తాళంచెవి పోతుంది, దానితోపాటే కార్డులోని ఫోటోలన్నీ పోతాయి. లోపలి నిల్వకున్న వేగం రాదు, కార్డుకున్న స్వేచ్ఛా మిగలదు. అన్ని తయారీ సంస్థలూ ఈ సదుపాయాన్ని ఇవ్వకపోవడాన్ని లోపంగా భావించనక్కరలేదు. అతి తక్కువ నిల్వ ఉన్న పాత ఫోనును ఎలాగో ఇంకొంతకాలం నెట్టుకురావలసిన అవసరం ఉన్నవారికి తప్ప ఇది గిట్టుబాటు బేరం కాదు.

యాప్‌ల వైపునుంచీ ఒక పరిమితి ఉంది. వాట్సాప్ తనకు వచ్చిన ఫోటోలను, వీడియోలను ఫోను లోపలి నిల్వలోనే తన ఫోల్డరులో పెడుతుంది, నేరుగా కార్డులో దాచమని చెప్పే సెట్టింగు అందులో లేదు. శుభోదయం చిత్రాలతో, పెళ్లి వీడియోలతో ఫోను నిండిపోయినవారు కార్డు వేసి ఊరుకుంటే ఏమీ మారకపోవడానికి కారణం ఇది. ఫైల్ మేనేజరు తెరిచి, పాతవాటిని కార్డుకు పంపే పని చేతితో చేసుకోవలసిందే. కెమెరా యాప్‌లలో మాత్రం చాలావరకు కార్డును ఎంచుకొనే అవకాశం ఉంటుంది.

నకిలీల గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. 8 జీబీ ఫ్లాష్ ఉన్న కార్డులో కంట్రోలరు కార్యక్రమాన్ని మార్చి, ఫోను అడిగినప్పుడు 512 జీబీ అని జవాబు చెప్పేలా చేయడం మోసగాళ్లకు పెద్ద కష్టం కాదు. ఫార్మాట్ చేసినా అది 512 అనే చూపుతుంది, కనుక అనుమానం రాదు. నిజమైన చోటు నిండిన తరువాత కంట్రోలరు కొత్త సమాచారాన్ని పాతదానిమీదే రాస్తుంది, లేదా రాసినట్టు నటించి పారేస్తుంది. ఫైలు పేరూ పరిమాణమూ జాబితాలో సలక్షణంగా కనిపిస్తాయి, తెరిస్తే మాత్రం బూడిదరంగు గడి. దీన్ని పట్టుకొనే నమ్మదగిన ఉపాయం, కార్డును అంచులదాకా నింపి తిరిగి చదివి సరిపోల్చడం. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత సాధనాలు ఆ పనే చేస్తాయి. కొత్త కార్డుతో మూవ్ అనే ఆదేశాన్ని వాడరాదనడం ఇందుకే: కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లను కార్డునుంచే తెరిచి చూసి, ఆపైనే అసలువాటిని తొలగించాలి.

అసలైన కార్డు కూడా ఏదో ఒకనాడు పోతుంది. అదనపు బ్లాకులు అయిపోయినప్పుడు చాలా కార్డుల్లో కంట్రోలరు రాతను నిలిపివేసి చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది. అప్పుడు తొలగించిన ఫోటోలు ఫోను తిరిగి ఆన్ చేయగానే మళ్లీ ప్రత్యక్షమవుతాయి, ఫార్మాట్ పూర్తయిందని చెప్పినా పాత పాటలన్నీ అలాగే ఉంటాయి. దీన్ని వైరస్ అనుకొని దుకాణాల చుట్టూ తిరిగేకన్నా, చదవనిస్తున్నప్పుడే ఉన్నదంతా వేరేచోటికి తీసుకోవడం మేలు. రాత జరుగుతుండగా కార్డును లాగడంవల్ల పద్దు చెదిరి ఫైళ్లు పోయే సందర్భాలూ ఉన్నాయి. సెట్టింగుల్లో అన్‌మౌంట్ నొక్కి తరువాత ట్రే తీస్తే ఆ ప్రమాదం ఉండదు. ఇవన్నీ చూస్తే పని పూర్తయి ఇక మార్పు అవసరం లేనివి, అంటే పాటలు, సినిమాలు, పాఠాల వీడియోలు, తీసిన ఫోటోలు, కార్డుకు తగినవని తేలుతుంది. బ్యాంకు యాప్‌లు, ఇంకా దిద్దుబాటు జరుగుతున్న రాతలు, వేరేచోట ప్రతి లేని ఒంటరి రికార్డింగులు తగినవి కావు. కార్డులోకి పంపి లోపల తొలగించిన ఫోటోకు కార్డే ఏకైక ప్రతి అవుతుందన్న సంగతి చాలామంది గమనించరు.

భారతదేశంలో రెండు సిమ్‌ల వాడకం ఎక్కువ కావడంతో ఎన్నో ఫోన్లు హైబ్రిడ్ ట్రేతో వచ్చాయి. రెండో సిమ్‌కూ కార్డుకూ అందులో ఒకే గూడు, ఏదో ఒకటే వేసుకోవాలి. ఖరీదైన ఫోన్లలో ఆ గూడు కూడా పోతోంది. ఐఫోన్‌లో అది ఏనాడూ లేదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరుసలో 2015లో తీసేసి, మరుసటి ఏడు ఎస్7తో తిరిగి ఇచ్చి, 2021లో ఎస్21తో మళ్లీ తీసేశారు. అటువంటి ఫోనుకు యూఎస్‌బీ-సీ కార్డు రీడరును తగిలించి, రికార్డింగులను కార్డులోకి దించుకోవచ్చు, అయితే కొన్ని ఫోన్లు ఎక్స్‌ఫ్యాట్ కార్డును గుర్తించవు కనుక ముందే పరీక్షించుకోవాలి. యాప్‌లకు కావలసిన చోటును మాత్రం ఏ రీడరూ పెంచలేదు; దాన్ని ఫోను కొనే రోజునే, 64కు బదులు 128 జీబీ తీసుకొని, సమకూర్చుకోవాలి.